రెండు గదులు, ఒకే వరండా

నాలుగో అంతస్తు,
వానలు మొదలైన వారం.

ఒరేయ్ చిట్టీ,

బతుకంతా ఊళ్ళోవాళ్ళ లిఫ్టులు బాగుచేసినవాడు ఇప్పుడు సొంత బిల్డింగులో మెట్లెక్కుతున్నాడు. నవ్వుకో. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

మా లిఫ్టు పాడై నెల దాటింది. కొత్తది పెట్టించాలా, పాతదాన్నే అతికించాలా అని బిల్డింగువాళ్ళు మీటింగు మీద మీటింగు పెడుతున్నారు. కింది అంతస్తువాళ్ళకి తొందరేముంది? నేనే మోటారు గదిలోకెక్కి చూస్తానంటే, “వద్దు తాతగారూ, మీరు పడితే మా మీదికొస్తుంది” అన్నాడు సెక్రటరీ. తాతగారట! నాకున్నపాటి జుట్టు కూడా లేదు వాడికి.

మొన్న పాల ప్యాకెట్లు పట్టుకుని ఎక్కుతూ రెండో అంతస్తు మలుపులో కూర్చుండిపోయాను. ఆయాసం కాదు చిట్టీ. ఆయాసమైతే తగ్గాక లేచేవాణ్ణి. పైకెళ్ళి ఏం చెయ్యాలో తోచలేదు, అంతే. మీ అక్క పోయి ఏడాది దాటింది. తలుపు తీసేవాళ్ళు లేని ఇంటికి ఎప్పుడు ఎక్కితే ఏం?

అక్కడ కూర్చునే ఓ ఆలోచన చేశాను. నువ్వు పెళ్ళి చేసుకోకుండా ఒంటరిగా మిగిలావు, నేను చేసుకుని మిగిలాను. నువ్వు ఆ ప్రెస్సు వీధి మేడమీద, ప్రూఫులు దిద్దే ఉద్యోగం అయిపోయాక కూడా పేపర్లో అచ్చుతప్పులు ఏరుకుంటూ కూర్చున్నావు. నేనిక్కడ గోడలు చూస్తూ కూర్చున్నాను. ఇద్దరం ఒకే చోట ఎందుకుండకూడదు? నేనడిగేది పెద్దదేం కాదు. రెండు గదులు, ఒకే వరండా. గదులు మాత్రం వేరుండాలి. నీ గురక నాకెలాగూ వినపడదు గానీ, నా గురకకి నువ్వు పారిపోతావు.

నీ ఊళ్ళో నువ్వు చూడు, నా ఊళ్ళో నేను చూస్తా. ఎక్కడ కుదిరితే అక్కడికి. చూసింది చూసినట్టు ఉత్తరం రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. మోటారు గదుల చప్పుడికి పోయిన నా చెవులకి నీ గొంతు డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టుంటుంది. మెసేజీలంటావా, నా బొటనవేలు పడితే మూడు అక్షరాలు ఒకేసారి నొక్కుకుంటాయి.

మొదటిది చూసొచ్చేశాను కూడా. పెద్దవాళ్ళ కోసమే కట్టిన అపార్ట్‌మెంట్లు. ఎవరి ఇల్లు వాళ్ళది, భోజనం కింద హాల్లో, మంచం పక్కన లాగితే మోగే తాడు, వారానికోసారి డాక్టరు. మేనేజరు నాకు తోట చూపించాడు, నేను అతనికి లిఫ్టు చూపించాను. స్ట్రెచర్ పట్టదు దాన్లో. అదే అడిగాను. “సార్, మా దగ్గర అందరూ ఆరోగ్యంగా ఉంటారండీ” అన్నాడు. “ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా ఏదో ఒకరోజు పడుకునే దిగుతారు కదయ్యా” అన్నాను. అతను తోట వైపు చూశాడు.

అయినా కొట్టిపారెయ్యను. వరండా బాగుంది. అయితే ప్రతి తలుపూ మూసే ఉంది. సాయంత్రం దాకా తిరిగినా ఒక్క తలుపు తెరిచి కనబడలేదు.

నీ బావ.


ప్రెస్సు వీధి మేడ,
ముసురు పట్టిన రోజు.

బావా,

నీ ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. దిద్ది తిరిగి పంపుదామనుకున్నాను గానీ, మెట్ల మీద కూర్చున్న సంగతి చదివాక కలం కదల్లేదు.

వస్తాను. నీ ఊరైనా సరే, నా ఊరైనా సరే. అడిగావు కాబట్టి చెప్తున్నాను, ఈ ఏడాదిగా ఎవరైనా అడుగుతారా అనే చూస్తున్నాను. మా ఇంటావిడ నెలకోసారి మెట్ల కింద నుంచే “ఏమండీ, ఉన్నారా?” అని కేకేస్తుంది. ఉన్నానంటాను. అంతటితో ఆ నెలకి సరిపోతుంది మాట్లాడ్డం.

రెండు చోట్లు చూశాను. మొదటిది ఒక ధర్మసంస్థ నడిపే ఆశ్రమం. గుమ్మం మీదే “వృద్దుల సంరక్షన” అని రాయించారు. ఒక ధ, ఒక ణ పోయాయి. లోపలివాళ్ళు మంచివాళ్ళే. పొడుగాటి హాలు, వరసగా మంచాలు, మంచానికీ మంచానికీ మధ్య ఒక చెక్కపెట్టె. అంతే ఎవరికైనా సొంతం. ఒకావిడ నన్ను చూసి గబగబా పక్క కుర్చీ మీది సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. “కూర్చోండి. ఉండటానికొచ్చారా?” అంది. చూడ్డానికొచ్చానన్నాను. ఆవిడ సంచీ మళ్ళీ కుర్చీ మీద పెట్టేసింది. ఇంటికొచ్చేదాకా ఆ సంచీయే కళ్ళముందు.

రెండోది మాత్రం నీకు నచ్చుతుంది. అది హోమ్ కాదు, ఇల్లే. ఐదుగురు పెద్దవాళ్ళు కలిసి ఒక పాత ఇల్లు అద్దెకి తీసుకుని ఉంటున్నారు. వంటమనిషి వచ్చిపోతుంది. తక్కిన పనులు వంతులు. ఇంటికి పెద్ద, అందరూ టీచరమ్మ అని పిలిచే ఒకావిడ. నన్ను హాల్లో కూర్చోబెట్టి ఐదుగురూ చుట్టూ చేరారు, పెళ్ళిచూపుల్లో కూడా అన్ని ప్రశ్నలు అడగరు. గురక వస్తుందా? కోపం వస్తుందా? వస్తే ఎంతసేపుంటుంది? గిన్నెలు కడగడం వచ్చా? నేను వాళ్ళ వంతుల కాగితంలో “శుక్రావారం” చూసి జేబులోంచి పెన్సిల్ తీశాను. టీచరమ్మ నవ్వి, “ఈయన్ని తీసుకుందాం” అంది.

ఒక గది ఖాళీగా ఉంది. మరొకటి వేసవికి ఖాళీ అవుతుందట. ముందు వెనక పెద్ద వరండా. మా బావ కూడా వస్తారు, చెవుడు, లిఫ్టు లేని ఇల్లైతే మంచిదే, లేకపోతే రోజంతా దాంట్లోనే ఉంటారు అని చెప్పాను.

వాళ్ళ షరతు ఒక్కటే. ఎవరి పని వాళ్ళు చేసుకోగలగాలి. మనకేం, గుండ్రాయిల్లా ఉన్నాం.

చిట్టి.


నాలుగో అంతస్తు,
వానలు వెనకబట్టాక.

ఒరేయ్ చిట్టీ,

నన్ను చెవిటివాడని ముందే చెప్పేశావా? ఇంకేం, నా వెనక ఏమైనా మాట్లాడుకోవచ్చు వాళ్ళు.

ఆ ఇల్లే ఖాయం చెయ్యి. వేసవిదాకా నేనిక్కడే నెట్టుకొస్తా. ఈలోగా మన లెక్కలో మిగిలిపోకూడదని ఇంట్లోనే మనిషిని పెట్టుకుని ఉండటం ఎలా ఉంటుందో అదీ చూశాను. ఏజెన్సీవాళ్ళు ఒకతన్ని పంపారు. నలభై ఏళ్ళుంటాయి. పొద్దున వచ్చి, “పెద్దాయనా, ఏం చెయ్యమంటారు?” అన్నాడు. కూర్చోమన్నాను. కూర్చున్నాడు. అలా కూర్చోబెట్టి ఊరుకుంటే బాగుండదని టీ పెట్టిచ్చాను. మధ్యాహ్నం వాడికి నిద్ర ముంచుకొస్తే దుప్పటిచ్చాను. సాయంత్రం వాడి గోడంతా విన్నాను, అంటే పెదాలు చూస్తూ తలూపాను. నాలుగో రోజుకి వాణ్ణి చూసుకోలేక నా తలప్రాణం తోకకొచ్చింది. మంచానపడితే పనికొస్తాడు, కాదనను. నడిచేవాడి పక్కన పొద్దస్తమానం ఒక మనిషి కూర్చుని చూస్తూ ఉంటే, ఎప్పుడు పడతావా అని ఎదురుచూస్తున్నట్టుంటుంది.

అమ్మాయి వచ్చింది మొన్న. ఏదో చెప్పింది. నాకు సరిగ్గా వినపడలేదు. పరుపులు కొలిచే టేపు చేతిలో పట్టుకుని చెప్పింది కాబట్టి ఏ పరుపు గురించో అనుకున్నా.

టీచరమ్మని అడుగు, గోడకి మేకులు కొట్టనిస్తారా అని. మీ అక్క ఫోటో తగిలించాలి.

నీ బావ.


(ప్రెస్సు అడ్రసుకే రాయి)
చలి మొదట్లో.

బావా,

ఆలస్యమైంది. మణికట్టు బెణికింది, అందుకని తెలిసినావిడ టైపు చేస్తోంది. ఇంటికి రంగులు వేయిస్తున్నారు, కొన్నాళ్ళు ఉత్తరాలు ప్రెస్సుకి రాయి. అక్కడి అచ్చు మిషన్‌మనిషి నాకు అందిస్తాడు.

ఆ ఇంటి సంగతి మర్చిపో. కుదరదు. వాళ్ళు మంచివాళ్లే గాని మనకి సరిపడరు.

ఇంకోటి చూశాను. నర్సింగ్ హోమ్, మంచానపడ్డ పెద్దవాళ్ళని ఉంచేది. అదీ మనకొద్దు. అక్కడ తెల్లారకుండానే బండి చప్పుడు, దీపాలన్నీ ఒకేసారి వెలుగుతాయి. స్నానం ఎప్పుడంటే అప్పుడే, మనకి కావలసినప్పుడు కాదు. ఒకళ్ళు చెయ్యి పట్టుకుంటారు ఒకళ్లు నీళ్ళు పోస్తారు, ఇద్దరూ వాళ్ళ ఇంట్లో సంగతులు మాట్లాడుకుంటారు మన మీదుగా. మన పైన కప్పులో మూడు పలకలు రంగు మారి ఉంటాయి. మధ్యానం తరవాత సాయంత్రం దాకా ఏమీ ఉండదు.

నువ్వు అమ్మాయి దగ్గరకి వెళ్ళు. అది నాకు ఫోన్ చేసింది. నీకోసం కింది గది సిద్ధం చేస్తోందట, మంచం కొలతలు కూడా తీసుకుందట. “మావయ్యా, నాన్న నీకోసమే ఆగుతున్నారు, నువ్వైనా చెప్పు” అంది. వినపడలేదని తప్పించుకోకు. వినపడింది నీకు.

మన ఆలోచన మంచిదే. వేళ మించింది.

చిట్టి.


నాలుగో అంతస్తు,
చలి.

చిట్టీ,

మూడుసార్లు చదివాను. నువ్వు రాసిన ఉత్తరంలో ఒక్క వెక్కిరింపు లేదు. “వాళ్లే” ఒకచోట, “వాళ్ళు” ఒకచోట. “మధ్యానం” అట. మెనూ కార్డులో తప్పుంటే హోటలు వాణ్ణి పిలిచి దిద్దించేదాకా భోంచెయ్యనివాడివి, నీ పేరు కింద ఇవి పోనిచ్చావా?

అదీగాక, చూడ్డానికి వెళ్ళినవాడికి కప్పులో పలకలెందుకు కనబడతాయిరా? చూడ్డానికి వెళ్ళినవాడు నిలబడి ఉంటాడు.

అమ్మాయి సంగతి నిజమే. వినపడింది. పిల్ల మంచిదే, అల్లుడూ మంచివాడే. ఇద్దరూ పొద్దున పోతే చీకటిపడ్డాక వస్తారు. ఆ గదిలో నాకన్నీ అమరుస్తారు. నేను మాత్రం ఆ ఇంట్లో ఒక పాత సోఫాలా ఉంటాను. ఎవరూ పారెయ్యరు, ఎవరూ కూర్చోరు. అందుకే నీకు చెప్పలేదు. చెబితే నువ్వు పెద్దమనిషిలా తప్పుకుంటావని తెలుసు. తప్పుకున్నావు కదూ?

బయల్దేరి వస్తున్నాను.

నీ బావ.


ప్రెస్సు అడ్రసు.

బావా, రావద్దు. నేను ఊళ్ళో ఉండటం లేదు. స్నేహితుడి దగ్గరకి వెళ్తున్నాను. వచ్చాక నేనే రాస్తాను.

చిట్టి.


రైలు స్టేషన్ వెయిటింగ్ హాలు,
నీ ఊరే.

చిట్టీ,

నీకు స్నేహితులెవరున్నారురా? ఉన్న ఒక్కణ్ణీ నేను.

ఇది ప్రెస్సులో ఇవ్వట్లేదు. మళ్ళీ వెళ్ళి నువ్వున్నచోట ముందు డెస్కులో ఇచ్చొచ్చి రైలెక్కుతాను.

పొద్దున దిగి తిన్నగా నీ మేడకి వెళ్ళాను. రంగులు నిజంగానే వేస్తున్నారు. నీ గదిలో ఎవరో కొత్తవాళ్ళ సైకిలు ఉంది. నీ పుస్తకాల బీరువా ఉన్నచోట గోడ మీద తెల్లటి మచ్చ. రంగులతను “పాతాయన ఖాళీ చేశాడండీ” అన్నాడు. అక్కణ్ణుంచి ప్రెస్సుకి వెళ్ళాను. మిషన్‌మనిషి నన్ను చూడగానే మిషన్ ఆపేశాడు. నాకు చప్పుడు తెలీదు గానీ, నేల అదరడం ఆగింది. “మీకు చెప్పలేదా?” అన్నాడు. ఒక కాగితం మీద రాసి చూపించాడు. పక్షవాతం. కుడివైపు. పండగ సెలవల నోటీసులా రాశాడు దాన్ని, గుండ్రంగా, అందంగా. అతన్ని కొట్టాలనిపించింది.

అతనే నువ్వున్న నర్సింగ్ హోమ్ గేటు దాకా దిగబెట్టి వెళ్ళాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ. డెస్కులో ఎవరూ లేరు. హాలు తలుపుకి గాజు పలక ఉంది కదా, దాంట్లోంచి చూశాను. మూడో బల్ల దగ్గర పక్కకి తిరిగి కూర్చున్నది నువ్వే అని మొదట తెలీలేదు. జుట్టు చాలా పొట్టిగా కత్తిరించేశారు. పక్కన ఒకావిడ చెంచాతో పెడుతోంది. నీ మెళ్ళో బట్ట కట్టారు. నువ్వు నోరు తెరిచావు, కొంచెం పక్కనుంచి జారింది, ఆవిడ తుడిచింది. నువ్వు ఎడమ చేత్తో బట్ట అంచు పట్టుకుని మళ్ళీ నువ్వే తుడుచుకున్నావు. రెండుసార్లు. మూలలు కలిపి మడిచి మరీ.

తలుపు తొయ్యడానికి చెయ్యి వేశాను చిట్టీ. ఇది నిజం. వేసి తీసేశాను. నీ మొహం ఇటు తిరిగి నన్ను చూస్తే ఆ ముద్ద నువ్వు మింగలేవు. నా పెళ్ళిలో నా పక్కన కూర్చుని భోంచెయ్యడానికి సిగ్గుపడి అక్క వెనక దాక్కున్నవాడివి నువ్వు. అంత పిల్లాడి దగ్గర్నుంచీ నాకు తెలుసు నిన్ను. అందుకని బయటికొచ్చేశాను. బస్టాపులో బెంచీ మీద కూర్చున్నాను. బస్సులు వచ్చి నాకోసం ఆగి వెళ్ళిపోయాయి. ఒక డ్రైవరు చిరాకు పడ్డాడు కూడా, ఏమన్నాడో తెలీలేదు.

దాచినందుకు కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. చాలా ఉంది. నువ్వు పడిపోయిన రోజున నేను అక్కడ ఏజెన్సీ వాడికి టీ పెట్టిస్తూ ఉండి ఉంటాను. ఎవరు తీసుకెళ్ళారు నిన్ను? ఎవరున్నారు పక్కన?

నువ్వు రమ్మంటేనే మళ్ళీ వస్తాను. ఈసారి ముందు తలుపు కొడతాను.

బావ.


నర్సింగ్ హోమ్, కింది వార్డు,
చలి ముదిరాక.

బావా,

ఇది ఎడమ చెయ్యి. వంకరగా ఉంటుంది. రోజూ కొంచెం రాస్తాను. టైపు చేసినావిడ ఇక్కడ వ్యాయామం చేయించే ఆవిడ. నా మాట ముద్దగా వస్తుంది. ఆవిడకి వినబడినట్టు కొట్టింది. తప్పులు చూశాను. మళ్ళీ కొట్టమని అడగడానికి నోరు రాలేదు.

ఆ ఇంట్లోనే జరిగింది. చేరేముందు ఒకరోజు భోజనానికి పిలిచారు. తింటుంటే చెంచా కింద పడింది. తీద్దామని వంగాను. లేవలేదు. టీచరమ్మ తన ఒళ్ళో నా తల పెట్టుకుని అంబులెన్సు వచ్చేదాకా నేల మీదే కూర్చుంది. ఐదుగురూ ఆస్పత్రికొచ్చారు. పళ్ళు తెచ్చారు. ఒకరోజు టీచరమ్మ ఒక్కతే వచ్చింది. నా దుప్పటి సరిచేసింది. చివరికి, “మేం ఐదుగురం కలిసినా ఒక మనిషిని లేపలేమండీ” అంది. ఏడ్చింది. నేను నవ్వానట. మూతి ఒకపక్కకే పోతుంది, నవ్వో ఏడుపో వాళ్ళకి తెలీదు.

ఆవిడ తప్పు లేదు. అన్ని చోట్లా అంతే బావా. ఆ అపార్ట్‌మెంట్లకి రాసి అడిగించాను. తన పనులు తను చేసుకోగలిగితేనే అన్నారు. ఆశ్రమంలో నడవగలిగితేనే. బాగున్నవాళ్ళకి అన్ని తలుపులూ తీస్తారు. బాగోలేనివాళ్ళకి ఇదొక్కటే తలుపు. మనం రెండు గదులు వెతికాం. నా గదిని నా ఒళ్ళే ఎంచుకుంది.

ఇక్కడ చెడ్డగా చూడరు. పెట్టే ఆవిడ నోరు కాలకుండా ఊదుతుంది. పుండ్లు పడకుండా పక్కకి తిప్పుతారు. పలకల సంగతి రాయకుండా ఉండాల్సింది, దొరికిపోయాను.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు అమ్మాయికి వద్దని చెప్పి ఇక్కడికొస్తావు. ఇక్కడ నిన్ను తీసుకోరు. నువ్వు నడుస్తావు. ఏదో ఒక గది అద్దెకి తీసుకుని రోజంతా నా పక్కన కూర్చుంటావు. చెవిటివాడు ఒకడు, నోరు తిరగనివాడు ఒకడు. ఏం మాట్లాడుకుంటాం? నన్ను చూస్తూ నువ్వు ముసలాడివైపోతావు. అక్క ఉంటే నన్ను తిట్టేది.

ఆరోజు నువ్వు లోపలికి రాలేదని రాశావు. అది చదివి దిండు కింద పెట్టుకున్నాను.

రావొచ్చు. భోజనాల వేళ తప్పించి.

చిట్టి.


నాలుగో అంతస్తు,
ఎండ తగులుతోంది.

చిట్టీ,

నిన్ను చూసి వచ్చి వారం. నువ్వన్నదే అయింది. మధ్యాహ్నమంతా ఏం మాట్లాడుకోలేదు. నువ్వేదో అన్నావు, నాకు నీ పెదాలు అందలేదు, ఒకపక్కే కదులుతున్నాయి. నేనేదో అన్నాను, అరిచానేమో, పక్క మంచం పెద్దాయన దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. అయినా ఆ రాత్రి రైల్లో బాగా నిద్రపట్టింది. ఏడాదిగా పట్టని నిద్ర. అదెందుకో నువ్వే చెప్పు, చదువుకున్నవాడివి.

నిన్నడగవలసింది ఒకటుంది. నువ్వు ఒద్దంటే ఇక ఎత్తను.

నీ దగ్గర్నుంచి తిరిగొచ్చేరోజు ఆ ఇంటికి వెళ్ళాను. టీచరమ్మ తలుపు తీసింది. నేనెవరో చెప్పకుండానే, “లిఫ్టు బావగారా?” అని కాగితం మీద రాసి చూపించింది. గది ఇంకా అలాగే ఉంది. వాళ్ళు ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వబుద్ధి కాలేదట. కిటికీ తూర్పుకి. నువ్వు తెచ్చిపెట్టుకున్న డిక్షనరీ రెండు భాగాలూ షెల్ఫులో ఉన్నాయి, చేరకుండానే పుస్తకాలు ముందు పంపించావట!

ఆ గది నీది. నేను తీసుకోవచ్చా?

అక్కణ్ణుంచి నీ వార్డుకి బస్సులో నాలుగు స్టాపులు. నడిచినా నడవొచ్చు. వంతులుంటాయి కాబట్టి రోజంతా నీ నెత్తిన కూర్చోను, నాకు గిన్నెల పనుంటుంది. నువ్వు భయపడ్డట్టు ముసలాణ్ణైపోడానికి తీరిక దొరకదు. కానీ నువ్వు ఉండాల్సిన గదిలో నేను పడుకోవడం నీకు కష్టమనిపిస్తే, మనసులో దాచుకోకు. ఇప్పటికే ఒకటి దాచావు. వేరే గది వెతుక్కుంటాను, నొచ్చుకోను.

అమ్మాయికి చెప్పాను. దాని చెయ్యి పట్టుకుని, కింది గదిలోనే, కొత్త మంచం మీద కూర్చుని చెప్పాను. బాగా చేయించింది మంచం. “నేను పరాయిదాన్నా నాన్నా?” అంది. మెల్లిగా అంది, నాకు అర్థమయ్యేలా. కాదమ్మా, నీ ఇంట్లో అన్నీ ఉంటాయి, మీ అమ్మని చిన్నప్పట్నుంచి ఎరిగినవాడు మాత్రం ఉండడు అన్నాను. అది చాలాసేపు ఏడ్చింది. నేను చేసింది మంచిపనో కాదో తెలీదు చిట్టీ. దాని ఏడుపు వినపడకపోయినా దాని భుజాలు కనబడ్డాయి. ఆ గదిని అలాగే ఉంచుతానంది. రేపు నేను కూడా పడితే ఎక్కడికెళ్ళాలో అప్పుడు చూద్దామన్నాను. దానికది నచ్చలేదు. నాకూ నచ్చలేదు. మరి వేరే జవాబుందా?

లిఫ్టు నిన్న బాగైంది. ఒకసారి ఎక్కి దిగాను. ఆపేటప్పుడు కుదుపుంది, చెప్పినా వినరు.

నీ జవాబు కోసం,
బావ.


కింది వార్డు.

బావా,

తీసుకో.

మొదట కష్టమనిపించింది. రెండు రోజులు. దాచలేదు చూడు. తరవాత ఆ తూర్పు కిటికీ గురించి ఆలోచించాను. ఖాళీ గదికి ఎండ ఎందుకు?

డిక్షనరీ మొదటి భాగం నాకు తెచ్చిపెట్టు. రెండోది నువ్వుంచుకో, నీకు అవసరం.

చిట్టి.


కింది వార్డు,
వేసవి.

బావా,

రోజూ వస్తావు, అయినా రాస్తున్నాను. నువ్వు ఎదురుగా ఉంటే చెప్పలేను, నీకు వినబడదు. వెళ్ళేటప్పుడు నీ జేబులో పెడతాను. ఇంటికెళ్ళి చదువు.

నువ్వొచ్చాక ఇక్కడ అంతా మారిపోయిందని రాస్తే అబద్ధం. పొద్దున అదే బండి, అవే దీపాలు. నువ్వు వచ్చేదాకా పొద్దు గడవదు, వెళ్ళాక మరీ గడవదు. ఇదివరకు మధ్యాహ్నాలన్నీ ఒకేలా ఉండేవి. ఇప్పుడు నువ్వు లేచి గొడుగు తీసుకునే నిమిషం ఒకటి వస్తుంది. దాన్ని తట్టుకోవడం ఇంకా రాలేదు. టీచరమ్మ ఆదివారాలు నీతో వస్తుంది కదా, ఆవిడకి నేను కోలుకుంటున్నట్టు కనబడాలని కూర్చుంటాను. ఆవిడ వెళ్ళాక మెడ నిలవదు.

నువ్వు నీ వంతు గిన్నెల గురించి చేత్తో చేసి చూపిస్తావు, ఎవరు ఎంత సబ్బు వాడతారో. నాకు సగం అర్థం కాదు. చూస్తుంటాను.

అసలు చెప్పాలనుకుంది నిన్నటి సంగతి. నువ్వు కుర్చీలో కునుకు తీస్తుంటే కొత్త నర్సు వచ్చింది. నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ నిన్ను చూపించి, “ఈయన మీకేమవుతారు?” అని అడిగింది. బావ అందామనుకున్నాను. “బా” దగ్గరే ఆగిపోయింది. “బాబాయా?” అంది. కాదన్నాను. “బాబా?” అంది. కష్టపడి, అక్క, అన్నాను. “ఓ, అక్కగారి భర్తా? మరి అక్కగారు రారా?” అంది. లేదని చెయ్యి తిప్పాను. ఆ పిల్ల మంచిదే, ఊరికే అడిగింది. “అక్కగారు లేకపోతే మరి ఈయన…” అని ఆగింది. ఏమవుతారు అని.

నేనూ ఆలోచించాను బావా. నిజంగానే. అక్క పోయాక నువ్వు నాకేమవుతావు? ఏ పుస్తకంలోనూ లేదు. నేను నోరు తెరిచి ఉన్నాను, మాట రావట్లేదు. ఈలోగా నీకు మెలకువొచ్చింది. ఆ పిల్ల పెదాలు చూశావు, నా మొహం చూశావు. ఏం అర్థమైందో నీకు, లేచి నిలబడి, “వీడు నా బావమరిది!” అన్నావు.

నువ్వు మామూలుగానే అన్నాననుకున్నావు. కాదు. వార్డు వార్డంతా అదిరింది. చివరి మంచం మీద నిద్రలో ఉన్నావిడ లేచి కూర్చుంది. కారిడార్లోంచి ఇద్దరు పరిగెత్తుకొచ్చారు, ఎవరు పడ్డారోనని. నువ్వు అందరికీ తలూపి మళ్ళీ కూర్చున్నావు.

నువ్వెళ్ళాక పక్క మంచం పెద్దాయన దుప్పటి తీసి నా వైపు తిరిగాడు. నేనొచ్చినప్పట్నుంచీ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నాతోనే కాదు, ఎవరితోనూ. “మీ బావ గొంతు బాగుంది” అన్నాడు. ఆ తరవాత నీ కుర్చీ వైపు చూసి, “నాకెవరూ రారు” అన్నాడు.

రేపు వచ్చినప్పుడు కుర్చీ కొంచెం అటు జరిపి మా ఇద్దరి మంచాల మధ్య వేసుకో.

చిట్టి.